నలుపులో ఎన్ని రంగులో!

అభ్రకానికీ నిమ్మకాయలకీ పేరుపడ్డ గూడూరులో పాత ఇళ్లకెళ్లి చూడండి. గోడమీంచి ముందుగా పలకరించేది నలుపు తెలుపు ఫొటోలే. తలపాగాతో తాతయ్య, కుర్చీ అంచున బిగుసుకుని కూర్చున్న అవ్వ... చాలా ఇళ్లలో పోయినవాళ్ల గుర్తుగా మిగిలింది ఆ ఒక్క ఫొటోనే.

అది చెమ్మకు పాడవకముందే స్కాన్ చేయించి పెద్దది చేయించాలనుకుంటారు. సైజెంత, ఫ్రేము ఎంతవుతుంది అని అడుగుతారు. ఏ ఇంకుతో తీస్తావని మాత్రం ఎవరూ అడగరు.

ఊళ్లో ఓ రిటైర్డ్ టీచరమ్మ కూడా అడగలేదు. తల్లి తద్దినానికని ప్రింటు తీయించారు. స్టూడియోలో బాగానే ఉంది. ఇంటికి తెచ్చి ట్యూబ్‌లైటు కింద చూస్తే బుగ్గల మీద ఆకుపచ్చ నీడ! మర్నాడే మళ్లీ స్టూడియోకి వెళ్లారు. ‘మా అమ్మ చామనఛాయ నాయనా, ఇట్టా పచ్చబడిందేంది?’

కుర్రాడి పనితనంలో లోపం లేదు. తేడా అంతా ఇంకులోనే ఉంది. పాత ఫొటోలో బొమ్మ కట్టింది వెండి రేణువులు. మామూలు ఇంక్‌జెట్ ప్రింటర్ సయాన్, మెజెంటా, పసుపు కలిపి బూడిదరంగు పుట్టిస్తుంది. వాటిలో ఏ ఒక్కటి కాస్త ఎక్కువైనా ముఖం పచ్చగానో గులాబీగానో మారిపోతుంది. పైగా ఎండలో ఒకలా, లైటు కింద మరోలా కనిపిస్తుంది. పోనీ నల్ల ఇంకు ఒక్కటే వాడితే? రంగు అంటదు కానీ, లేత ఛాయలు చుక్కలు చుక్కలుగా తేలతాయి.

అందుకే నలుపునే పలచన చేసిన ఇంకులు వచ్చాయి. 2000లో అమెరికాలో జాన్ కోన్ పూర్తిగా బూడిద ఛాయలతోనే ‘పైజోగ్రఫీ’ ఇంకులు తెచ్చారు. 2005లో ఎప్సన్ కంపెనీ నలుపు, లేత నలుపు, మరీ లేత నలుపు... మూడింటినీ ఒకే ప్రింటర్‌లో పెట్టింది.

ఇంకో సంగతి మన్నిక. డై ఇంకు నీళ్లలో కరిగే రంగు. నిగనిగలాడుతుంది, చవక కూడా. కానీ వెలుతురుకీ గాలికీ త్వరగా వెలుస్తుంది. పిగ్మెంట్ ఇంకులో సన్నని రేణువులుంటాయి. నలుపుకైతే కర్బనం, అంటే మసి. తాళపత్రాల మీద గంటంతో గీసిన అక్షరాల్లోకి పూర్వం రుద్దింది కూడా మసే. అంత తేలిగ్గా వెలవదు. వట్టి కర్బనం కాస్త గోధుమ ఛాయ కొడుతుంది. పాత ఫొటోలకు అదీ అందమే!

అయితే ఖర్చెక్కువ. ప్రింటర్‌ను రోజుల తరబడి వాడకపోతే నాజిళ్లు పూడుకుపోతాయి. చిన్న ఊరి స్టూడియోలు వెనకాడేది అందుకే.

కాబట్టి ఆర్డరిచ్చే ముందు మూడు ప్రశ్నలు వేయండి. డైయా, పిగ్మెంటా? నలుపులు ఎన్ని? నిగనిగలాడే కాగితానికి ఫొటో బ్లాక్, మెరుపులేని కాగితానికి మ్యాట్ బ్లాక్ వాడుతున్నారా? ముందుగా ఓ చిన్న ప్రింటు తీయించి, కిటికీ దగ్గరా ట్యూబ్‌లైటు కిందా చూడండి. టీచరమ్మ రెండోసారి చేసిందదే. ఈసారి తల్లి చామనఛాయలోనే వచ్చింది.

ఫొటోకి అద్దం బిగించి, ఎండ పడని గోడకు తగిలించండి. పాత ఫొటోను మాత్రం పారేయకండి. ఎంత మంచి ఇంకుతో తీసినా వచ్చేది నకలే!