చెప్పుల షాపు మేనేజరు

మొన్న ఆదివారం భోజనాలయ్యాక మా అమ్మాయి బాంబు పేల్చింది. ఇంటర్ అయ్యాక ఇంజనీరింగ్ చెయ్యదట, ఎన్‌డీఏ పరీక్ష రాస్తుందట. మా ఆవిడ నా వైపు ఒక చూపు చూసింది. "అంతా మీ చలవే" అని దానర్థం. నిజమే మరి. ఇరవయ్యేళ్ళుగా నేను దొరికిన ప్రతివాడికీ చెప్పే కథ ఒకటుంది. ఆఫీసులో కాఫీ మెషీన్ దగ్గర కనీసం పది మంది నా బాధితులు. ఇంట్లో ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు.

ఆ కథేమిటో మీకూ చెప్పేస్తాను, తప్పదు :)

2005 మార్చి 20. అది కూడా ఆదివారమే. ఇరాక్‌లో బాగ్దాదుకి ఆగ్నేయంగా సల్మాన్ పాక్ అనే ఊరి దగ్గర సరుకు లారీల కాన్వాయ్ ఒకటి పోతోంది. సుమారు 30 లారీలు. నడిపేది సైనికులు కాదు, పొట్టకూటి కోసం వేరే దేశాల నుంచి వచ్చిన డ్రైవర్లు. వాటి వెనకాల కొంచెం దూరంలో మూడు హమ్వీల్లో పది మంది. కెంటకీ నేషనల్ గార్డ్ 617వ మిలిటరీ పోలీస్ కంపెనీ వాళ్ళు. నేషనల్ గార్డ్ అంటే తెలుసుగా, మామూలు రోజుల్లో నెలకో వీకెండ్, ఏడాదికో రెండు వారాలు డ్యూటీ. మిగతా రోజులు ఎవరి ఉద్యోగం వాళ్ళది. రెండో హమ్వీలో ఉన్న సార్జెంట్ లీ ఆన్ హెస్టర్ వయసు 23. ఇరాక్ వెళ్ళకముందు నాష్‌విల్‌లో చెప్పుల షాపు మేనేజరు.

రోడ్డు పక్క తోటలోంచి, కాలవల్లోంచి దాదాపు 50 మంది కాల్పులు మొదలెట్టారు. ఏకే-47లు, మెషీన్ గన్లు, రాకెట్లు. లారీలు ఎక్కడివక్కడ ఆగిపోయాయి.

ఇలాంటప్పుడు మనలాంటివాళ్ళం ఏం చేస్తాం? రివర్స్ గేరు. ఈ పది మందీ మాత్రం నేరుగా కాన్వాయ్‌కీ, కాల్చేవాళ్ళకీ మధ్యలోకి బళ్ళు పోనిచ్చారు. తూటాలన్నీ తమ మీదకి తిప్పుకుని, ముందుకెళ్ళి కుడివైపు చిన్న రోడ్డులోకి తిరిగి శత్రువులకి పక్కవాటుగా వచ్చారు. అక్కడ చూస్తే వాళ్ళు పారిపోవడానికి పెట్టుకున్న కార్లు, తలుపులూ డిక్కీలూ తెరిచి రెడీగా ఉన్నాయి. ముందు హమ్వీకి రాకెట్ తగిలి గన్నర్ గాయపడ్డాడు. హెస్టర్ బండి దిగింది. గ్రెనేడ్లు విసురుతూ, గ్రెనేడ్ లాంచర్‌తో కాలుస్తూ కందకం మీదకి వెళ్ళింది. తర్వాత తమ స్క్వాడ్ లీడర్ టిమోతీ నైన్‌తో కలిసి ఆ కందకాల్లోకే దిగి, ఒక చివర నుంచి ఇంకో చివరదాకా నడిచింది. తన రైఫిల్‌తో ముగ్గుర్ని చంపింది. మూడో బండి దగ్గర తనవాళ్ళు గాయపడి పడిపోతే, మందూ కట్టూ చూడాల్సిన జేసన్ మైక్ రెండు తుపాకులతో రెండు వైపులా కాల్చాడు. అన్నీ ఆగేసరికి దాడి చేసినవాళ్ళలో 27 మంది చచ్చిపోయారు, ఆరుగురికి గాయాలు, ఒకడు దొరికాడు. ఈ పది మందిలో ముగ్గురు గాయపడ్డారు, ఎవరూ పోలేదు.

ఆ జూన్‌లో హెస్టర్‌కి సిల్వర్ స్టార్ ఇచ్చారు. రెండో ప్రపంచయుద్ధం తర్వాత ఆ పతకం అందుకున్న మొదటి మహిళా సైనికురాలు ఆవిడే. అప్పుడు నేను ఆన్‌సైట్‌లో ఉన్నాను, పేపర్లో ఫొటో చూశాను. నిజం చెప్పాలంటే ఆ యుద్ధమే తప్పని నా అభిప్రాయం, ఇప్పటికీ అదే. చెప్పిన ఆయుధాలేవీ దొరకలేదు. చచ్చిపోయిన 27 మందికీ ఇళ్ళల్లో ఎవరో ఒకరు ఉండే ఉంటారు.

అయినా ఈ కథ నన్ను వదలకపోవడానికి కారణం వేరే. దాడి చేసినవాళ్ళ దగ్గర చేతి సంకెళ్ళు కూడా దొరికాయట. బందీలుగా పట్టుకెళ్ళడానికని అనుమానం. అంతకుముందు ఏడాది, 2004 జులైలో, ఇరాక్‌లో ఒక కువైట్ కంపెనీ లారీ డ్రైవర్లు ఏడుగుర్ని ఎత్తుకెళ్ళారు గుర్తుందా? అందులో ముగ్గురు మన దేశం వాళ్ళు. సెప్టెంబర్ మొదట్లో గానీ వదల్లేదు. మాది జగిత్యాల దగ్గర పల్లె, ఇంటికొకడు గల్ఫ్‌లో ఉండే ఊరు. మా పక్కింటి అన్న అప్పుడు కువైట్‌లో ట్రక్కు నడిపేవాడు. ఆ ఏడుగురిలో లేడు. కానీ ఆ ఆరు వారాలూ వాళ్ళమ్మ మా ఇంట్లో టీవీ ముందు నుంచి కదల్లేదని మా అమ్మ ఫోన్లో చెప్పేది. అందుకే హెస్టర్ అంటే నాకు పతకం కాదు, ఆ లారీలే గుర్తొస్తాయి. లోపల స్టీరింగ్ కింద తల దాచుకున్న ఎవడో ఒక అన్న గుర్తొస్తాడు.

సరే, మా ఇంటి యుద్ధానికొద్దాం.

"అది అమెరికా" అన్నాను. "2021లో సుప్రీంకోర్టు మనకీ దారి తెరిచింది డాడీ. మొదటి బ్యాచ్‌లో 17 మంది అమ్మాయిలు 2025 మేలో బయటికొచ్చారు కూడా" అంది. అన్నీ చదువుకునే వచ్చింది.

నేను వేరే దారి పట్టాను. "మన ఆర్మీలో ఇన్‌ఫాంట్రీలోకి ఆడవాళ్ళని తీసుకోరు. నువ్వు కోరుకున్నది అక్కడ దొరకదు." మంచి పాయింటే అనుకున్నాను.

"హెస్టర్‌ని మాత్రం యుద్ధం చెయ్యమని తీసుకున్నారా?"

నోరు మూతపడింది. నిజమే. అప్పట్లో అమెరికాలో కూడా ఆడవాళ్ళు నేరుగా పోరాడే దళాల్లో ఉండకూడదు. ఆ నిషేధం ఎత్తేసినట్టు ప్రకటించింది 2013లో. 2005లో ఆవిడ పని కాగితాల మీద దారి కాపలా. తూటాలకి ఆ కాగితాలు చదవడం రాదు. ఈ ముక్క కాఫీ మెషీన్ దగ్గర నేనే ఎంత స్టైల్‌గా చెప్పేవాడినో! వేరేవాళ్ళమ్మాయి గురించి కదా, చెప్పడం సులువు.

రాత్రి పదకొండుకి ల్యాప్‌టాప్ పట్టుకొచ్చి నా పక్కన కూర్చుంది. అప్లికేషన్‌కి ఫొటో అప్‌లోడ్ అవడం లేదట, సైజు ఎక్కువుందట. అమ్మాయిలకి ఫీజు కూడా లేదు డాడీ అంటోంది, నేనేదో ఆ డబ్బుల కోసం ఆలోచిస్తున్నట్టు. ఫొటో తగ్గించి ఇచ్చాను. రెండోసారికి ఎక్కింది.

మా ఆవిడ ఇంకా నాతో మాట్లాడటం లేదు.