పుదుచ్చేరి వంటింట ఇటలీ విందు

పుదుచ్చేరికి దక్షిణాన నాలుగు కిలోమీటర్ల దూరంలో అరికమేడు ఉన్నది. 1945లో మార్టిమర్ వీలర్ అక్కడ త్రవ్వించగా ఇటలీ మట్టిపాత్రలు, ద్రాక్షాసవమూ ఆలివు నూనె మోసుకొచ్చిన జాడీల పెంకులు బయటపడ్డాయి. 1674లో ఫ్రెంచివారు స్థిరపడటానికి పదిహేను వందల ఏండ్లకు పైగా ముందే ఇటలీ రుచులు ఈ తీరం చేరాయన్నమాట.

నేడు ఈ పట్టణపు ఇంట అదే నూనెలో వెల్లుల్లి వేగుతున్నది. చేపల అంగడిలో దొరికే రాతిరొయ్యను తమిళులు ‘సింగి ఇరాల్’ అంటారు. పాశ్చాత్య సముద్రాల జాతికున్న పెద్ద డెక్కలు దీనికి లేవు, మాంసమంతా తోకలోనే. దానిని కొద్ది నిమిషాలే వేయించాలి. ఆలస్యమైతే రబ్బరులా సాగుతుంది. తలను, పెంకును మరిగించి వడకట్టిన రసంలో టమాటా ఉడికించి, పలుకుమీద దించిన పాస్తాను అందులో కలపాలి. పారవేయబోయే పెంకులోనే అసలు రుచి దాగి ఉన్నది.

అయితే, కొనేముందు తోక క్రింద చూడాలి. అక్కడ గుడ్లు అంటుకొని ఉంటే ఆ రొయ్యను విడిచిపెట్టడమే ధర్మం. ఒక జాతిలో 200 గ్రాములకు తగ్గినవాటి ఎగుమతిని ప్రభుత్వం 2003లో నిషేధించింది. ఇంటి పొయ్యికి అటువంటి కట్టడి లేదు; అక్కడ గృహిణి వివేకమే శాసనం. రేపటి విందు సముద్రంలో మిగలడం ఆమె చేతిలో ఉన్నది.