చక్రాలు లేని పలక

ఇల్లు సర్దుకునే పని పడిన ప్రతిసారీ మా సజ్జ మీది నుంచి ఒక పలక కిందికి దిగుతుంది. కాసేపు అందరి చేతులూ మారి, దుమ్ము దులిపించుకుని, మళ్లీ పైకే వెళ్లిపోతుంది. పైనుంచి చూస్తే పిల్లలు నిలబడి జారే స్కేట్‌బోర్డు లాగే ఉంటుంది. తిరగవేసి చూస్తే మాత్రం దానికి చక్రాలు ఉండవు. అడుగుభాగం పడవ అడుగులా కొద్దిగా వంపు తిరిగి ఉంటుంది. పాత సామాను కొనేవానికి ఇచ్చివేద్దామని భార్యాభర్తలం రెండు మూడు సార్లు అనుకున్నాము గానీ, ఇవ్వలేకపోయాము. ఎందుకు ఇవ్వలేకపోయామో చెప్పుకోవాలంటే ముందు మా పేట సంగతి చెప్పాలి.

మాది నల్గొండ జిల్లా. ఉద్యోగరీత్యా ఎర్రమంజిల్ వచ్చి ఇక్కడే స్థిరపడ్డాము. ఈ పేట ఒక గుట్ట మీద ఉన్నది. తెలుగువారి నోట అది ఎర్రగుట్ట. ఆ గుట్ట మీద మహలు కట్టించిన నవాబు ఫఖ్రుల్ ముల్క్ గారి పారశీకంలో ‘ఇరమ్’ అంటే స్వర్గాన్ని తలపించే ఉద్యానం. రెండు భాషలూ ఒకే పేరులో సర్దుకున్నాయని పెద్దలు చెబుతారు. (‘ఫజ్ర్’ సూరాలోని స్తంభాల ఇరమ్ సంగతి మన పాఠకులకు గుర్తు చేయనక్కరలేదు. పేరు పెట్టినవారికి అది గుర్తుకు వచ్చిందో లేదో!) 2019లో ఆ మహలును కూల్చి కొత్త శాసనసభా భవనం కట్టాలని ప్రభుత్వం తలపెట్టగా, ఆ ఏడు సెప్టెంబరులో హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టివేసింది. మహలు శిథిలమవుతూనే నిలిచి ఉంది. దానితో మాకు పెద్దగా పని లేదు. మాకు పని పడినది దాని గుట్టతో, ఆ గుట్ట మా సందుకు ఇచ్చిన వాలుతో.

మా గుమ్మం ముందు నుంచి పంజాగుట్ట వైపు ఆ సందు ఏకబిగిన కిందికి దిగుతుంది. వానాకాలంలో నీళ్లు, సెలవుల్లో పిల్లలు ఆ దారినే పోతారు. మా పెద్దమ్మాయికి తొమ్మిదేళ్ల వయసులో ఇరుగుపొరుగు మగపిల్లలు ఒక బేరింగుల బండి చేశారు. చెక్క పలకకు వెనుక రెండు, ముందు ఒకటి పాత బేరింగులు బిగించి, తిప్పుకోవడానికి ఒక అడ్డకర్ర పెట్టారు. మా పిల్ల దాని మీద కూర్చుని గరగర చప్పుడుతో వాలు దిగిపోయేది. ఆ చప్పుడు వినబడినంత సేపూ వంటింట్లో గరిటె ఆగి ఉండేది. చప్పుడు ఆగగానే నవ్వు వినబడితే, మళ్లీ గరిటె కదిలేది.

పన్నెండో ఏడు వచ్చాక మేము ఆ ఆట మాన్పించాము. వాహనాలు ఎక్కువయ్యాయని చెప్పాము. అది అబద్ధం కాదు, అలాగని పూర్తి నిజమూ కాదు. “మీ అమ్మాయి ఇంకా రోడ్డు మీదే ఆడుతుందా?” అని ఒక శుభకార్యంలో ఎవరో అడిగిన మాట మా ఇద్దరికీ ముల్లులా దిగింది. పిల్ల ఎదురు చెప్పలేదు. తన వంతు వదులుకున్నట్లు బండిని పక్కింటి అబ్బాయికి ఇచ్చివేసింది. సాయంత్రాలు కిటికీ దగ్గర నిలబడడం మొదలుపెట్టింది. ఆమె అల్లరి చేసి ఉంటే మాకు కొంత తేలికగా ఉండేది.

ఆ సంవత్సరమే, అంటే 2010 డిసెంబరులో, చికాగోలో ఉంటున్న వాళ్ల మామయ్య పెళ్లికని వచ్చాడు. వస్తూ నింటెండో వారి ‘వీ’ యంత్రాన్ని, దానితోపాటు ఒక పొడుగాటి పెట్టెను మోసుకొచ్చాడు. ‘టోనీ హాక్: రైడ్’ అనే ఆట అది. తను ఉండే చికాగోలోనే రోబోమోడో అనే సంస్థ దానిని తయారు చేసిందని కాస్త గర్వంగా చెప్పాడు. ప్రచురించినది యాక్టివిజన్. 2009 నవంబరులో అమెరికాలో విడుదలైనప్పుడు ధర దాదాపు 120 డాలర్లు. ఒక ఆటబొమ్మకు అంత డబ్బా అని మేము నొచ్చుకుంటే, ధర బాగా దిగాకే కొన్నానని నవ్వేశాడు.

టోనీ హాక్ ఎవరో మాకు అప్పటికి తెలియదు. 1999 జూన్ 27న శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన పోటీలో, స్కేట్‌బోర్డు మీద గాలిలోకి లేచి రెండున్నర చుట్లు తిరిగి నిలదొక్కుకున్న మనిషి ఆయన. అప్పటికి ఆయన వయసు 31. అదే ఏడాది ఆయన పేరుతో వీడియో ఆటలు మొదలై ఇంటింటికీ చేరాయి. వాటిని ఎక్కువగా బొటనవేళ్లతో మీటలు నొక్కుతూ ఆడేవారు. ఈ కొత్త ఆటలో మీటలు పట్టుకునే పని లేదు. టీవీ ముందు పలక వేసి దాని మీద నిలబడాలి. లోపల అమర్చిన వేగమాపకాలు పలక వంపును, లేపును గుర్తిస్తాయి. అంచుల్లోని పరారుణ సెన్సర్లు కాలి కదలికను, చేతి కదలికను పసిగడతాయి. పలక పక్కన కాలితో నేలను నెట్టినట్లు ఊపితే తెర మీది మనిషి వేగం అందుకుంటాడు. ముందుభాగం చటుక్కున పైకి లేపితే ఎగురుతాడు. వంగి అంచు దగ్గర చేయి పెడితే, గాలిలో పలకను పట్టుకుంటాడు.

అమెరికా యంత్రం మన కరెంటుకు పనికిరాదు కనుక, ముందుగా ఒక ట్రాన్స్‌ఫార్మరు కొనవలసి వచ్చింది. ముందుగది చాప చుట్టేశాము. సోఫా గోడకు జరిగింది. పెద్దమ్మాయి పలక ఎక్కింది. తీరా చూస్తే, ఆమె కాలు కదపకుండానే తెర మీది మనిషి పరుగు తీస్తున్నాడు! ఎక్కడ తప్పు జరిగిందా అని అరగంట తలలు పట్టుకున్నాము. చివరకు తేలిందేమిటంటే, ఆమె సల్వారు అంచు సెన్సరు ముందు ఊగుతుంటే పలక దానిని కాలి తోపుగా లెక్క వేసుకుంటున్నది. రెండు రబ్బరు బ్యాండ్లతో చీలమండల దగ్గర బిగించాక గానీ ఆట దారికి రాలేదు.

పెళ్లికి వచ్చిన చుట్టాలందరూ వంతులు వేసుకున్నారు. మామయ్య రెండుసార్లు పడ్డాడు. మాలో ఒకరు ఎక్కి, పడకుండానే భయపడి దిగారు. (ఎవరన్నది ఇక్కడ అప్రస్తుతం.) కింద వాటాలో ఉండేవారు మూడో రోజున పైకి వచ్చి, “మీ ఇంట్లో రోకలి పోటు వేస్తున్నారా?” అని మర్యాదగానే అడిగారు. నాన్నమ్మ మాత్రం తస్బీహ్ చేత్తో పట్టుకుని మంచం మీది నుంచి అంతా చూసేది. ఆమె ఆ ఆటను మెచ్చుకోలేదు, తిట్టనూ లేదు. ఒక రాత్రి ఇషా నమాజు తర్వాత మాతో ఇలా అన్నది: “హజ్రత్ ఆయిషా (రజి) గారు దైవప్రవక్త (సఅసం) వారితో పరుగు పందెం వేశారని మీరే కదర్రా నాకు చదివి వినిపించారు. గదిలో వేశారా ఆ పందెం?” మేము నవ్వి ఊరుకున్నాము. అప్పటికి అదొక ముసలమ్మ మాటగానే తోచింది.

నిజం చెప్పాలంటే మాకు ఆ పలక ఒక పరిష్కారంలా దొరికింది. పిల్ల ఆడుతుంది, చెమట పడుతుంది, గుమ్మం దాటదు. ఇంతకంటే ఏమి కావాలి?

ఆ ఆటలో మూడు స్థాయిలు ఉన్నాయి. మొదటిది తేలికది. అందులో దారి ముందే గీసి ఉంటుంది, మలుపులు పలక ప్రమేయం లేకుండా వాటంతట అవే తిరుగుతాయి. ఆడేవారు ఎగరడం, వాలడం చూసుకుంటే చాలు. దెబ్బలు తగలకుండా ఉంటుందని ఆ స్థాయిలోనే పెట్టి ఇచ్చాము. పది పన్నెండు రోజులు గడిచాయి. ఒక సాయంత్రం మగ్రిబ్‌కు ముందు పెద్దమ్మాయి ఆట మధ్యలో ఆగిపోయింది. పలక మీద ఊరికే, చేతులు కట్టుకుని నిలబడింది. తెర మీది మనిషి మాత్రం సాగిపోతూనే ఉన్నాడు. మలుపు వచ్చింది, తిరిగాడు. ఇంకొక మలుపు వచ్చింది, తిరిగాడు.

“అమ్మా, నాన్నా, చూడండి. నేను తిప్పకపోయినా తిరుగుతోంది,” అన్నది. గొంతులో కోపం లేదు. “మరి నేను ఎందుకు?”

పై స్థాయికి మార్చి ఇచ్చాము. అందులో మలుపులు ఆమే తిప్పుకోవాలి. నాలుగు రోజులు పట్టుదలగా ఆడింది. తర్వాత పలక మీద ఆమె పుస్తకాలు చేరాయి, ఆపైన ఇస్త్రీకి వెళ్లవలసిన బట్టలు. వేసవికల్లా సజ్జ ఎక్కింది.

లోకంలోనూ ఆ పలక ఎక్కువ కాలం నిలవలేదు. అమెరికా పత్రికల్లో ఆటను పరీక్షించినవారు పలక కదలికకూ తెర మీది కదలికకూ పొంతన కుదరడం లేదని గట్టిగానే రాశారట. 2010లో ‘ష్రెడ్’ అనే రెండో ఆట వచ్చి, అదీ సరిగా అమ్ముడుపోక, పలక కథ అంతటితో ముగిసింది. ఇదంతా మామయ్య ఫోనులో చెబుతుంటే మేము అన్యమనస్కంగా విన్నాము.

ఏళ్లు గడిచాయి. నాన్నమ్మ అల్లాహ్ సన్నిధికి వెళ్లిపోయింది. 2018లో మా పేటకు మెట్రో స్టేషను వచ్చింది. పెద్దమ్మాయి చదువు ముగించి ఉద్యోగంలో చేరింది. ఇల్లు దాటి చదవడానికీ, సంపాదించడానికీ మేము ఎన్నడూ అడ్డు చెప్పలేదు. అందుకు మమ్మల్ని మేము మెచ్చుకుంటూ ఉండేవాళ్లము కూడా.

2021 జూలైలో టోక్యో ఒలింపిక్స్ జరుగుతున్నప్పుడు ఒక రోజు ఇంటిల్లిపాదీ టీవీ ముందు ఉన్నాము. స్కేట్‌బోర్డింగ్‌ను ఒలింపిక్స్‌లో చేర్చడం అదే మొదటిసారి. మహిళల విభాగంలో స్వర్ణం గెలిచిన జపాను పిల్ల మొమిజి నిషియాకు 13 ఏళ్లు. రజతం అందుకున్న బ్రెజిల్ పిల్ల రైసా లియాల్‌కూ 13 ఏళ్లే. పెద్దమ్మాయి కన్నార్పకుండా చూసి, కాబూల్ సంగతి ఎత్తింది. ఒలివర్ పెర్కోవిచ్ అనే ఆయన 2007లో అక్కడి పిల్లలకు ఈ ఆట నేర్పడం మొదలుపెట్టి స్కేటిస్తాన్ అనే సంస్థను నిలబెట్టాడట. ఆడపిల్లలు సైకిలు తొక్కడాన్ని తప్పుపట్టే ఊరిలో ఈ పలకకు ఇంకా ఏ నిషేధమూ పడలేదు కనుక, వాళ్లు తలకు రుమాలు కట్టుకుని, దానిపైన శిరస్త్రాణం పెట్టుకుని ఆడేవారట. వారి మీద తీసిన లఘుచిత్రానికి 2020లో ఆస్కార్ కూడా వచ్చింది. ఇవన్నీ మా అమ్మాయి ఎప్పుడు చదివిందో, ఎన్నాళ్లుగా మనసులో పెట్టుకున్నదో మాకు తెలియదు.

ఆ రాత్రి మేమే అడిగాము, ఆ బండి మాన్పించినందుకు కోపం వచ్చిందా అని. “కోపం కాదు,” అన్నది. “మీరు వాహనాలు అన్నారు. నేను వారం రోజులు కిటికీలో కూర్చుని లెక్కపెట్టాను. సాయంత్రం నాలుగున్నరకూ అయిదింటికీ మధ్య ఎప్పుడూ మూడు బండ్లకు మించి రాలేదు.” కిటికీ దగ్గర ఆమె ఎందుకు నిలబడేదో మాకు పదేళ్ల తర్వాత తెలిసింది.

నెల తిరగకముందే ఒక పెట్టె తెచ్చి, అప్పటికి పన్నెండేళ్ల చెల్లెలి ముందు పెట్టింది. లోపల ఉన్నది చక్రాలు ఉన్న పలక. మోకాళ్లకు, మోచేతులకు తొడుగులు, శిరస్త్రాణం కూడా ఉన్నాయి. పిల్లలిద్దరూ మా ముఖాలు చూశారు. మేము ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాము. పెళ్లిలో మాట అన్నవారి ముఖం గుర్తు తెచ్చుకోబోయాము. గుర్తు రాలేదు.

మరుసటి శుక్రవారం ఫజ్ర్ నమాజు తర్వాత, ఇంకా పాలబండి కూడా రాకముందే, సందులోకి దిగాము. మాలో ఒకరు వాలు పైన, ఒకరు కింద మలుపు దగ్గర నిలబడ్డాము. చిన్నమ్మాయి అక్క చేయి పట్టుకుని నాలుగు సార్లు, విడిచి రెండు సార్లు దిగింది. రెండు సార్లూ పడి లేచింది. అప్పుడు పెద్దమ్మాయి ఆ తొడుగులు తాను వేసుకుని, దుపట్టా నడుముకు బిగించుకుని, సల్వారు అంచులకు జేబులో నుంచి తీసిన రెండు రబ్బరు బ్యాండ్లు పెట్టుకుంది.

ఆమె కాలితో నేలను నెట్టింది. గరగర చప్పుడు మా మధ్య నుంచి కిందికి సాగింది. మలుపు దగ్గర చప్పుడు ఆగింది. పైన ఉన్నవారికి ఏమీ కనబడలేదు. కొంతసేపటికి కింద నుంచి నవ్వు వినబడింది.