పదహారేళ్ళకు జీతం

పదిహేను, పదహారేళ్ళ వయసులో ఏదో ఒక పని చేసి నాలుగు డబ్బులు సంపాదించటం పిల్లలకు మంచిదా, చెడ్డదా? దీనికి మన సమాజంలో రెండు జవాబులు ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి. ఒకటి: చిన్నప్పుడు కష్టపడినవాడే పైకి వస్తాడు. రెండు: చదువుకునే పిల్లలకు సంపాదన ధ్యాస పడితే చదువు చెడుతుంది. రెండూ సామెతల్లాగా చెలామణీ అవుతున్నాయి గాని, వాటిని పరీక్షకు పెట్టినవారు తక్కువ. హేతువాదులం గనుక ఆ పని మనం చేద్దాం.

మొదటి జవాబుకు ఋజువుగా చాలామంది అబ్దుల్ కలాంగారిని చూపిస్తారు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో రామేశ్వరంలో చిన్నపిల్లవాడుగా దినపత్రికలు పంచారు, 2002లో రాష్ట్రపతి అయ్యారు. నిజమే. కాని దేశంలో పత్రికలు పంచిన మిగతా పిల్లలంతా ఏమయ్యారు? వారి లెక్క ఎవరూ తీయలేదు. మొక్కు ఫలించినవాడు ఊరంతా చెప్పుకుంటాడు, ఫలించనివాడు నోరు మూసుకుని ఇంట్లో కూర్చుంటాడు. మొక్కుల విషయంలో మనం వెంటనే పట్టుకునే ఈ లోపాన్ని, ‘కష్టపడి పైకొచ్చిన’ కథల్లో కూడా పట్టుకోవాలి. పని చేసిన పిల్లలు బాగుపడ్డారని తేలినా, అది పని వల్లనా, లేక మొదటినుంచీ చొరవ, ఆరోగ్యం ఉన్న పిల్లలే పనికి వెళ్ళటం వల్లనా అన్నది వేరే తేల్చాలి.

ఇంకో సంగతి కూడా ముందే స్పష్టం చేస్తాను. నేను బాలకార్మికుల గురించి మాట్లాడటం లేదు. 1986 నాటి బాలకార్మిక చట్టాన్ని 2016లో సవరించి, 14 ఏళ్ళ లోపు పిల్లలచేత ఏ వృత్తిలోనూ పని చేయించరాదన్నారు. బడి వేళల తర్వాత కుటుంబ వ్యాపారంలో చేసే సాయానికి, బాలనటులకు మినహాయింపు ఇచ్చారు. 14 నుంచి 18 ఏళ్ళ మధ్యవారిని గనుల్లో, పేలుడు పదార్థాల దగ్గర, ప్రమాదకరమైన ప్రక్రియల్లో పెట్టరాదు. ఎం.వి. ఫౌండేషన్ తరఫున రంగారెడ్డి జిల్లాలో పనిచేసి, 2003లో మెగసెసే అవార్డు పొందిన శాంతా సిన్హాగారు బడిలో లేని ప్రతి బిడ్డనూ బాలకార్మికుడుగానే లెక్కించాలన్నారు. నేనూ అదే అంటాను. బడి మాన్పించే పని ఏదైనా సరే, అందులో లాభం వెతకటం దగా.

ఈ రెండూ తీసేస్తే ఇక మిగిలిన లాభం ఏమిటి? నాకు తెలిసిన ఒక్క ఉదాహరణ నాదే. ఒక్క మనిషి అనుభవం సాధారణ సూత్రానికి ఋజువు కాదు. లాభం ఏ దారిన వస్తుందో చూపించటానికి మాత్రం పనికివస్తుంది.

1975 వేసవిలో పదవ తరగతి పరీక్షలు అయ్యాక తెనాలిలో ఒక హోల్‌సేల్ కిరాణా కొట్టులో, లెక్కలు రాసే గుమస్తాగారికి సాయంగా చేరాను. జీతం నెలకు 40 రూపాయలు. ఇంటర్ చదివిన రెండేళ్ళూ సాయంత్రం అయిదు నుంచి ఎనిమిది దాకా అదే పని. (ఈనాటి చట్టం ప్రకారం ఆ వయసువారిచేత రాత్రి 7 తర్వాత పని చేయించరాదు. నా చివరి గంట చెల్లదు.) పగలు జరిగిన ప్రతి బేరమూ చిట్టాలో పడాలి. చిట్టాలోంచి ఎవరి పద్దు వారి పేరున ఆవర్జాలోకి ఎక్కాలి. రాత్రికి గల్లాపెట్టెలో ఉన్న రొక్కం చిట్టాలో తేలిన నిల్వతో పైసలతో సహా సరిపోవాలి.

షావుకారుగారు మహాభక్తులు. గుమ్మానికి నిమ్మకాయ, మిరపకాయలు వేలాడేవి. చిట్టా మొదటి పేజీకి పసుపు రాసి ‘శ్రీ’ చుట్టనిదే కలం కదిలేది కాదు. కాని గల్లాపెట్టె లెక్కను మాత్రం ఆయన లక్ష్మీదేవికి వదిలిపెట్టేవారు కాదు. నోట్లు తానే రెండుసార్లు లెక్కపెట్టేవారు. ఒకే మనిషి గుమ్మం దగ్గర విశ్వాసి, గల్లాపెట్టె దగ్గర సంశయవాది. ఇది పుస్తకాల్లో చదవకముందే నేను కళ్ళతో చూశాను.

ఒక రాత్రి 27 రూపాయలు తక్కువ వచ్చాయి. బస్తాలు మోసే కుర్రవాడు ఒకడు, నా ఈడువాడే, మధ్యాహ్నం గల్లాపెట్టె దగ్గర నిలబడ్డాడని ఎవరో అన్నారు. వాడు మాలపల్లె నుంచి వచ్చేవాడు. అంతకన్నా ఋజువు ఎవరికీ అవసరం లేకపోయింది. మర్నాడు అంజనం వేసేవాణ్ణి పిలిపించాలని షావుకారుగారు నిర్ణయించారు.

అంజనం గురించి ఈ తరంవారికి తెలియకపోవచ్చు. తమలపాకు మీద కాటుక పూసి, ఒక చిన్నపిల్లవాణ్ణి అందులోకి చూడమంటారు. “ఎవరైనా కనిపిస్తున్నారా? పొట్టివాడా? నెత్తిన బరువు ఉందా?” అని అడుగుతూ పోతారు. పిల్లవాడు అవునంటూ పోతాడు. చివరికి అందరూ ముందే అనుమానించిన మనిషే కాటుకలో తేలతాడు.

గుమస్తాగారు ఏమీ వాదించలేదు. నన్ను పిలిచి, “అబ్బాయ్, ఇరవై ఏడును తొమ్మిదితో భాగించు” అన్నారు. మూడు, శేషం లేదు. “అయితే అంకెలు తిరగబడ్డాయేమో చూడు” అన్నారు. ఇది మంత్రం కాదు. ఏ రెండంకెల సంఖ్యనైనా తిరగేసి రాస్తే, వచ్చే తేడా ఎప్పుడూ తొమ్మిదితో నిశ్శేషంగా భాగించబడుతుంది. చిట్టా ముందు పెట్టుకుని రసీదు పుస్తకంతో ఒక్కొక్క వసూలూ సరిచూస్తూ వచ్చాను. ఒక చిల్లర వర్తకుడి దగ్గర వసూలైనది రసీదు నకలులో 58, చిట్టాలో 85. తేడా 27. అయితే తొమ్మిదితో భాగించబడటం ఒక ఆచూకీ మాత్రమే, ఋజువు కాదు. అందుకని మర్నాడు పొద్దున్నే గుమస్తాగారు ఆ వర్తకుడి దగ్గరికి నన్ను పంపి, ఆయన దగ్గరున్న అసలు రసీదు కూడా చూసి రమ్మన్నారు. అందులోనూ 58.

ఆ పూట చిట్టా రాసింది షావుకారుగారి అల్లుడు. దాంతో ఆ విషయం మీద ఇంకెవరూ మాట ఎత్తలేదు. అంజనం ఆగిపోయింది. కుర్రవాడికి ఎవరూ క్షమాపణ చెప్పలేదు గాని, వాడి పని వాడికి మిగిలింది.

తొమ్మిది సూత్రం తర్వాత బి.కాం.లో కూడా విన్నాను. మార్కులకోసం విన్నాను. ఆ సూత్రం మీద ఒక మనిషి కూడు ఆధారపడి ఉంటుందని మాత్రం తరగతి గది చెప్పలేదు. తర్వాత రక్షణ శాఖ పద్దుల్లో ముప్ఫై ఏళ్ళకు పైగా నేను చేసిన పనికి మూలం అదే: ఎవరు చెప్పారన్నది కాదు, కాగితమూ సరుకూ సరిపోయాయా లేదా అన్నదే ప్రశ్న.

మైకేల్ ఫారడే 1805లో, 14 ఏళ్ళకు, లండన్‌లో పుస్తకాలు బైండు చేసే కొట్టులో పని నేర్చుకోవటానికి చేరాడు. బైండింగుకు వచ్చిన పుస్తకాలే చదివాడు. 1853లో, దయ్యాలు బల్లలను తిప్పుతున్నాయన్న వెర్రి ప్రబలినప్పుడు, చిన్న పరికరం తయారుచేసి, బల్లను తోస్తున్నది కూర్చున్నవారి చేతులేనని, అది వారికే తెలియటం లేదని చూపించాడు. ఫారడేను కూడా నేను ఋజువుగా చూపను. కలాంగారి విషయంలో చెప్పిన అభ్యంతరమే ఇక్కడా వర్తిస్తుంది. కాని చేతులతో పని చేసినవాడికి, వాదించి వదిలేయకుండా కొలిచి చూద్దామన్న బుద్ధి పుట్టే అవకాశం ఎక్కువని నా అభిప్రాయం.

రెండవ లాభం డబ్బు. ఇంటర్ పాసయ్యాక మా నాన్నగారు నా జాతకం చూపించారు. వ్యాపార విద్య అచ్చిరాదని, ఏడాది ఆగమని జ్యోతిష్కుడు చెప్పాడు. నాన్నగారు ఫీజు ఇవ్వనన్నారు. నా జీతంలో సగం అమ్మకిచ్చేవాణ్ణి. మిగిలిన దాంట్లోంచి వేసుకున్నది పోస్టాఫీసు పుస్తకంలో 310 రూపాయలు ఉంది. బి.కాం.లో చేరాను. జ్యోతిషం శాస్త్రం కాదని నాన్నగారితో గంటలకొద్దీ వాదించాను, లాభం లేకపోయింది. పాసుపుస్తకం వాదించకుండానే గెలిచింది. స్వతంత్రంగా ఆలోచించమని పిల్లలకు చెబుతాం. ఆ ఆలోచనను ఆచరణలో పెట్టటానికి కావలసిన రూపాయి మాత్రం పెద్దల జేబులోనే ఉంచుతాం. ఆడపిల్లల విషయంలో ఇది మరీ నిజం.

మూడవది, నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది. నిరుడు మా చెల్లెలి మనవరాలు, పదిహేడేళ్ళది, హైదరాబాదులో ఇంటర్ పరీక్షలు అయ్యాక ఒక పుస్తకాల షాపులో వేసవి పని చేస్తానంది. ఇంటిల్లిపాదీ లేచారు. “మనకేం ఖర్మ?” అన్నారు. అదే ఇంట్లో, అమెరికాలో ఉన్న మనవడు వేసవిలో ఐస్‌క్రీం కొట్టులో గిన్నెలు కడిగితే ఆ ఫోటో అందరికీ చూపించి మురిసిపోయారు. డాలర్లకు పనిచేస్తే స్వశక్తి, రూపాయలకు పనిచేస్తే పరువు తక్కువ! ఇందులో హేతువు ఎక్కడుంది? ఉన్నదల్లా, చేతిపని ఫలానా కులాలవారిది అన్న పాత లెక్క. సముద్రం దాటాక ఆ లెక్క చూసేవారు ఉండరు గనుక అక్కడ పరువు పోదు. నా ఈడు బస్తాల కుర్రవాడి పక్కన నిలబడి రెండేళ్ళు పనిచేయటం వల్ల, ఎవరి పని వల్ల కొట్టు నడుస్తున్నదో నాకు తెలిసింది. ఈ సంగతి ఉపన్యాసాలతో ఎక్కదు.

నష్టం లేదనను. ఆ రెండేళ్ళూ సాయంత్రపు ఆటలు నాకు లేవు. ఇంట్లో జరుగుబాటు లేక పిల్లలు పనికి పోవలసివస్తే దాన్ని లాభమనకూడదు, ప్రభుత్వ వైఫల్యమనాలి. అందుకే షరతులు చెబుతాను. చదువు ఆగకూడదు. ప్రమాదం ఉండకూడదు. గంటలు తక్కువగా ఉండాలి. జీతం పిల్లల చేతికే రావాలి. ఇష్టం లేనప్పుడు మానేయగలిగి ఉండాలి. ఇవి ఉంటే, ర్యాంకులకోసం హాస్టళ్ళలో పొద్దున్నుంచి రాత్రిదాకా బట్టీ పట్టించి, పరీక్షకు ముందు పెన్నులకు పూజ చేయించే చదువుకన్నా, ఒక వేసవి ఉద్యోగం ఎక్కువ శాస్త్రీయ దృష్టి నేర్పుతుందని నా నమ్మకం. ఎవరైనా కాదని చూపిస్తే వినటానికి సిద్ధంగా ఉన్నాను.

ఆ అమ్మాయి చివరికి పనిలో చేరింది, ఆరు వారాలు చేసింది. బీరువాల్లో ఉన్న పుస్తకాలకూ, కంప్యూటర్‌లో ఉన్న జాబితాకూ పొంతన లేదని రెండో వారమే కనిపెట్టి నాకు ఫోన్ చేసింది. జీతంతో ఏం కొన్నదో ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చెప్పవలసిన పని కూడా లేదు.