నాలుగో గది

మా నాన్న ఈ షాపు నాకు అప్పజెప్పి ముప్పై ఏళ్లు దాటింది. హైదరాబాద్‌లో లైసెన్సు ఉన్న ఆయుధాల దుకాణం మాది. కొత్త తుపాకీ అమ్మడానికి పెద్ద అనుభవం అక్కర్లేదు. ఫ్యాక్టరీ ధర ఉంటుంది, లైసెన్సు సరిచూసుకుని బిల్లు రాస్తే సరిపోతుంది. పాతదానికి ధర కట్టడమే అసలు పని.

కిందటేడు వానాకాలంలో కామారెడ్డి వైపు నుంచి ఒకావిడ కొడుకుని వెంటబెట్టుకుని వచ్చింది. వాళ్లకు రైసు మిల్లు ఉండేది. సీజన్లో డబ్బు సంచులతో తిరగాల్సి వచ్చేదని ఆమె భర్త అప్పట్లో రివాల్వర్‌కి లైసెన్సు తీసుకున్నాడు. ఆయన పోయాక చట్టప్రకారం దాన్ని నా దగ్గర డిపాజిట్ చేశారు. ఏడు నెలలు నా ఇనప్పెట్టెలోనే ఉంది. అమ్ముకోవడానికి అనుమతి కాగితం చేతికొచ్చాక, ఆ రోజు ధర మాట్లాడటానికి వచ్చారు.

"ఎంతొస్తదో నిజం చెప్పు అన్నా. ఊళ్లె ఒకాయన నలభై వేలంటడు, ఇంకొకాయన లక్ష అంటడు" అంది.

"కూర్చోమ్మా, నీ ముందే చూస్తా" అని పెట్టెలోంచి తీశాను.

కాన్పూర్ స్మాల్ ఆర్మ్స్ ఫ్యాక్టరీలో తయారైన పాయింట్ 32. ఆరు గదులు, మూడంగుళాల బ్యారెల్. మూతి దగ్గర నల్లరంగు పోయి ఉక్కు తెల్లగా బయటపడింది. సిలిండర్ అంచులూ అంతే. "పాలిష్ చేయించి తెద్దామనుకున్నం అంకుల్" అన్నాడు కొడుకు, కొంచెం సిగ్గుపడుతూ. చేయించకపోవడమే మంచిదైంది. ఆ అరుగుదల తోలు ఒరలో పెట్టి తీయడం వల్ల వచ్చింది, కాల్చడం వల్ల కాదు. చూపుకి పాతబడింది గానీ పనికి పాతబడలేదు. పాలిష్ కొట్టిస్తే నంబర్ల అంచులు అరిగిపోతాయి, మూలలు గుండ్రమవుతాయి. అలాంటి తుపాకీ నా ముందుకొస్తే నేను మొదట అడిగేది ఒకటే: దీని కింద ఏం దాచారు?

ఈ ప్రశ్న నాకు డబ్బు పోగొట్టుకున్నాకే వచ్చింది. 1998లో ఒకాయన దగ్గర పాత వెబ్లీ రివాల్వర్ కొన్నాను. కొత్త పెళ్లికొడుకులా మెరుస్తోంది. మెరుపు చూసి బ్యారెల్ లోపల సరిగ్గా చూడలేదు. వారం తర్వాత వెలుతురులో పెడితే మధ్యలో ఉంగరంలా ఒక నీడ కనిపించింది. ఎప్పుడో ఒక తూటా లోపలే ఇరుక్కుపోయింది, దాని వెనక ఇంకోటి కాల్చారు. గొట్టం అక్కడ ఉబ్బింది. దాన్ని నేను ఎవరికీ అమ్మలేదు. నష్టం నాది, కానీ తెలిసి ఇంకొకరి చేతిలో పెట్టలేను.

మిల్లు వాళ్ల రివాల్వర్‌ని లాచ్ నొక్కి తెరిచాను. ఈ మోడల్‌ది పాత వెబ్లీ పద్ధతే, బ్యారెలూ సిలిండరూ కలిసి ముందుకి వాలతాయి. ఆరు గదులూ ఖాళీ. వేలు పెట్టి మళ్లీ చూశాను. నా పెట్టెలో నేనే పెట్టినదైనా సరే రెండుసార్లు చూడందే ముందుకు పోను. వెనక తెల్లకాగితం పెట్టి మూతిలోంచి చూస్తే లోపలి మెలికలు ఇప్పుడే గీసినట్టున్నాయి. మూశాక సిలిండర్‌కీ బ్యారెల్‌కీ మధ్య ఫీలర్ గేజ్ దూర్చాను. ఆరు థౌ, అంటే అంగుళంలో వెయ్యో వంతులు ఆరు. బాగుంది. పిడి చెక్కలు విప్పితే చెమట తుప్పు కొద్దిగా ఉంది. స్క్రూల తలలు మాత్రం చెక్కుచెదరలేదు. వాటి గాడులు చెదిరి ఉంటే, పని తెలియని చెయ్యేదో లోపల పడినట్టే.

మిగిలింది చెవితో చేసే పరీక్ష. నాన్న దగ్గర పనిచేసిన ఉస్తాద్ నాకు దీన్ని కళ్లు మూయించి నేర్పాడు. బొటనవేలితో హ్యామర్‌ని నిదానంగా వెనక్కి లాగాలి. సిలిండర్ తిరుగుతుంది. గది బ్యారెల్‌కి ఎదురుగా రాగానే కిందనుంచి ఒక చిన్న ఉక్కు ముక్క గాడిలో పడుతుంది. టిక్. ఆ తర్వాతే హ్యామర్ నిలవాలి. ఈ వరస తప్పకూడదు. ఒకటి, రెండు, మూడు గదులు సరిగ్గా పలికాయి. నాలుగోదానికి హ్యామర్ నిలిచింది, టిక్ మాత్రం లేదు. సిలిండర్‌ని వేలితో కొంచెం నెడితే అప్పుడు పడింది.

మళ్లీ మొదటినుంచి తిప్పాను, ఈసారి ఆమె చెవి దగ్గరగా. ఆమె కళ్లు చిట్లించి వింది.

"నాలుగోది మోగలే" అంది.

అదే లోపం. ఆరు గదులూ ఆలస్యమైతే సిలిండర్‌ని తోసే కొక్కెం అరిగిందనుకోవాలి. ఒక్కటే ఆలస్యమైతే వెనకున్న నక్షత్రం లాంటి పలకలో ఆ ఒక్క పన్ను అరిగినట్టు. గది పూర్తిగా ఎదురుకి రాకుండా పేలితే తూటా బ్యారెల్ అంచుకి గీసుకుంటుంది, సీసం తునకలు పక్కకి చిమ్ముతాయి. పక్కన నిలబడ్డవాళ్ల కంటికి తగలొచ్చు.

మన దగ్గర రివాల్వర్లు కాల్చి అరగవు. తూటాలకు లైసెన్సులోనే పరిమితి ఉంటుంది, పాతికేళ్లలో యాభై కూడా కాల్చని వాళ్లు నాకు చాలామంది తెలుసు. అవి పాడయ్యేది ఒరలోనే వదిలేయడం వల్ల, కూర్చుని ఊరికే ట్రిగ్గర్ టకటకా నొక్కడం వల్ల. తోలు తేమ పీల్చి ఉక్కుకి అంటిస్తుంది. కాకినాడ, విశాఖ వైపు నుంచి వచ్చేవాటిలో గదుల లోపల గుంటలు ఎక్కువ. అందుకే "ఒక్క రౌండు కూడా కాల్చలేదు సార్" అన్న మాటకి నేను రూపాయి కూడా ఎక్కువ కట్టను.

పేరుకి కట్టే ధర వేరే కథ. 1980ల నడిమి నుంచి విదేశీ తుపాకుల వ్యాపార దిగుమతి ఆగిపోయింది. అందుకే పాత స్మిత్ అండ్ వెసన్‌కి, కోల్ట్‌కి లక్షలు పలుకుతాయి. అది కొరతకి ఇచ్చే ధర, పనితనానికి కాదు, ఈ మాట కొనేవాళ్ల ముఖమ్మీదే చెప్తాను. వెబ్లీ అన్నా ఏ వెబ్లీ అని చూడాలి. బర్మింగ్‌హామ్‌ది వేరు, ఈమధ్య ఉత్తరప్రదేశ్‌లోని హర్దోయిలో తయారవుతున్నది వేరు. ఇక 2019లో చట్టం మార్చి ఒక మనిషికి మూడు తుపాకుల బదులు రెండే అన్నాక, ఇళ్లలోని మూడోవన్నీ మా కౌంటర్ల మీదికి వచ్చాయి. నా షాపులో ధరలు అప్పుడు బాగా పడిపోయాయి.

ఆమెకు లెక్క కాగితం మీద వేసి చూపించాను. కొత్తది లక్ష దాటుతుంది. ఈ వయసుది, లోపం లేకపోతే 70,000 ఇస్తాను. ఆ పలక మార్చడానికి, మిస్త్రీ కూలీకి 6,000. మిగిలింది 64,000.

"మీరు చెప్పకపోతే మాకు తెల్వకపోవు కదా అంకుల్" అన్నాడు కొడుకు. నిజమే. నేను చెప్పకుండా 40,000 చేతిలో పెట్టినా వాళ్లు తీసుకుని వెళ్లేవాళ్లు. మా వ్యాపారంలో అలా చేసేవాళ్లు ఉన్నారు, నాకు అది దొంగతనం కిందే లెక్క. ఆమె చెక్కు తీసుకుని రివాల్వర్‌ని ఒకసారి చేత్తో తాకింది. "ఆయన దీన్ని ఎన్నడూ కాల్చలే" అంది.

పలక మార్చి, ఆరు గదులూ పలికాక, దాన్ని 80,000కి ఒక పెట్రోలు బంకు యజమానికి అమ్మాను. బిల్లు మీద నాలుగో గది సంగతి, మార్చిన భాగం రాసి సంతకం పెట్టాను.

చదివేవాళ్లకు ఒక్క మనవి. మీ ఇంట్లో లైసెన్సుదారు పోతే తుపాకీని బీరువాలో పెట్టి మర్చిపోకండి. వెంటనే పోలీస్ స్టేషన్‌లోనో, లైసెన్సున్న డీలర్ దగ్గరో డిపాజిట్ చేసి రసీదు తీసుకోండి. లైసెన్సుదారు తన ఆయుధాన్ని నేరుగా ఇంకో లైసెన్సుదారుకి అమ్మాలన్నా, అధికారులకు రాసిచ్చి 45 రోజులు ఆగాలి. ధర కట్టించేటప్పుడు పక్కనే కూర్చుని, ఆరు గదులూ తిప్పి వినిపించమని అడగండి. పాలిష్ మాత్రం చేయించకండి.