చరవాణికీ ఇంటి దూరవాణికీ సంధి



సెల్ ఫోనుకు ‘చరవాణి’ అన్న పేరు నాకు ఎంతో ఇష్టం. అయితే రాయచోటిలోని మా ఇంట్లో ఆ వాణి చరించదు. మాది రాతిగోడల పాత మిద్దె. సిగ్నల్ వీధివైపు కిటికీ గూట్లో ఒక్కచోటనే నిలుస్తుంది. కాబట్టి ఇంట ఉన్నంతసేపు చరవాణి అక్కడ స్థావరమై కూర్చుంటుంది. మా అమ్మ మంచమేమో వెనుక వసారాలో. ఎనభయ్యారేళ్ళ మనిషి, చెవి కొంచెం మందం, మోకాళ్ళు సహకరించవు.

మా తమ్ముడు కువైట్‌లో ఉన్నాడు. రాయచోటి వారికి కువైట్ పరదేశం కాదు, పక్క వీధి వంటిది. అక్కడి గడియారం మనకన్న రెండున్నర గంటలు వెనుక. వానికి పని ముగిసి తీరిక చిక్కేసరికి ఇక్కడ రాత్రి పది దాటుతుంది. కిటికీలోని మోత వసారాకు వినిపించదు. ఫోను తీసుకొని అమ్మ దగ్గరకు నడిస్తే రెండవ గడప దాటేలోగా మాట తెగిపోతుంది. “వాని గొంతు విని నెలాయ నాయనా” అని అమ్మ అన్నాక ఇక ఊరకుండలేకపోయాను.

మొదట తోచిన మార్గం, చరవాణికి వచ్చే పిలుపును ఇంటి దూరవాణికి మళ్ళించడం. నక్షత్రం గుర్తుతో ఒక సంఖ్య నొక్కితే అది జరిగిపోయేది. కాని మోసగాళ్ళు అమాయకుల చేత అటువంటి సంఖ్యలే నొక్కించి, వారి పిలుపులను తమవైపు మళ్ళించుకొని, బ్యాంకు రహస్య సంఖ్యలు కాజేయసాగారు. అందువలన 2024 ఏప్రిల్ 15 నుండి యు.ఎస్.ఎస్.డి. పద్ధతిలో మళ్ళింపును నిలిపివేయవలసినదిగా టెలికాం శాఖ ఆదేశించినది. ఎవరైనా ఫోను చేసి ఫలానా సంఖ్య నొక్కమంటే మీరు మాత్రం నొక్కకండి.

రెండవ మార్గం బ్లూటూత్ ఉన్న కార్డ్‌లెస్ ఫోను. దీని పీఠాన్ని చరవాణికి సమీపాన ఉంచి, రెండింటినీ ఒక్కసారి జతచేస్తే చాలు. చరవాణికి పిలుపు వస్తే ఇంట్లోని చేతిఫోన్లన్నీ మోగుతాయి. చరవాణికీ పీఠానికీ నడుమ బ్లూటూత్, పీఠానికీ చేతిఫోనుకూ నడుమ డెక్ట్ అనే వేరొక రేడియో పద్ధతి. టవరు ఎక్కడో దూరాన ఉన్నది. పీఠమో ఇంట్లోనే ఉన్నది. కనుక టవరు సిగ్నల్ చేరని వసారాకు ఇది చేరింది.

పండితుని బుద్ధి ఎక్కడికి పోతుంది? మళ్ళింపు వ్యాకరణంలోని ఆదేశం వంటిది. ఒకదానిని తొలగించి ఆ స్థానంలో తాను కూర్చుంటుంది. బ్లూటూత్ జత ఆగమం వంటిది; దేనినీ తొలగించక మిత్రునివలె పక్కన చేరుతుంది. ఆ పేరు కూడా 10వ శతాబ్దపు డెన్మార్క్ రాజు హెరాల్డ్ బ్లూటూత్‌ది. విడివిడి జనులను ఏకం చేశాడని ఆయన పేరు పెట్టారట.

అమెరికాలోని మా మేనల్లుడు “నేను తెస్తాను మామా” అన్నాడు. నేనే వద్దన్నాను. అమెరికా డెక్ట్ ఫోన్లు 1920–1930 మెగాహెర్ట్జ్ నడుమ పలుకుతాయి. మన దేశంలో 3జీ తరంగాల పట్టీలో, చరవాణి నుండి టవరుకు పోయే భాగం 1920 దగ్గరనే మొదలవుతుంది. మన మాట ఊరివారి మాటకు అడ్డం పడరాదు కదా! పైగా అక్కడి విద్యుత్తు 120 వోల్టులు, ఇక్కడిది 230. చివరకు తమ్ముడే ఐరోపా ప్రమాణపు పెట్టె పంపాడు. అది 1880–1900 నడుమ పనిచేస్తుంది. ప్లగ్గు మాత్రం మన గోడకు ఇమడలేదు; మార్పిడి ప్లగ్గు కొన్నాను.

మరికొన్ని సంగతులు. బ్లూటూత్ చేరే దూరం సుమారు 10 మీటర్లు. నడుమ రాతిగోడ ఉంటే ఇంకా తగ్గుతుంది. నేను చరవాణితో బజారుకు పోతే జత తెగుతుంది, తిరిగి రాగానే కలుస్తుంది. చేతిఫోనులో ఇంటి లైను ఎంచుకొని సెల్ సంఖ్యకు చేయాలంటే ముందు సున్నా నొక్కాలి. 2021 జనవరి 15 నుండి అది నియమం. చరవాణి లైను ఎంచుకుంటే సున్నా అక్కరలేదు. కరెంటు పోతే పీఠం మూగబోతుంది. ఇన్వర్టరుకు కలపడం మేలు.

అన్నిటికన్న పెద్ద చిక్కు వాట్సాప్. ఆ పిలుపు మా చేతిఫోన్లలో మోగదు. కువైట్ వారేమో ఖర్చుకు జడిసి దానినే వాడతారు. కాబట్టి తమ్మునితో ఒక కట్టుబాటు చేసుకున్నాను: దినమూ వాట్సాప్‌లో నాతో మాట్లాడు, శుక్రవారం మాత్రం అమ్మకు మామూలు ఫోను చెయ్యి. శుక్రవారం అక్కడ సెలవు.

ఇప్పుడు శుక్రవారం సాయంత్రం దిండు పక్కన ఫోను మోగుతుంది. పెద్ద మీటలు కనుక అమ్మే నొక్కుతుంది. “బువ్వ తింటివా నాయనా?” అన్నదే ఎప్పుడూ మొదటి ప్రశ్న. ఆ తరువాతి మాటలు వారిద్దరివి. నేను లేచి వాకిట్లోకి వెళతాను.

మీ ఇళ్ళలోనూ ఇటువంటి పెద్దలుంటారు. వారిని ఫోను దగ్గరకు నడిపించడంకన్న, ఫోనునే వారి దగ్గరకు చేర్చడం సులువు. స్వస్తి.