గట్టు మీద పదిమంది

నేను తొమ్మిదో తరగతిలో వుండగా మా చేలో బోరు మోటారు స్టార్టరు పోయింది. పోలీసులొచ్చి, "నిన్న సాయంత్రం ఇటుగా ఎవరన్నా పోయారా?" అని అడిగారు. తట్టలు మోసుకుంటూ కాలవగట్టు మీద పోయిన ఎరుకలాయన పేరు చెప్పాను. అబద్ధం కాదు. కాని ఆ సాయంత్రం గట్టు మీద పదిమంది నడిచారు. మా మేనమామ నడిచాడు, పాలాయన నడిచాడు. నా నోట వచ్చింది ఒక్క పేరే.

అతని దగ్గర ఏమీ దొరకలేదు. అయినా డెబ్బై రోజులు సబ్‌జైల్లో వున్నాడు. జామీను నిలబడటానికి పొలం పాసుపుస్తకం వున్నవాళ్ళు కావాలి. పాసుపుస్తకాలున్న మాలో ఒక్కరం కదల్లేదు. చివరకు కోర్టువారు కేసు కొట్టేశారు.

ఆ ఒక్క పేరే ఎందుకు వచ్చింది? నేను పుట్టకముందే ఆ పాఠం రాసిపెట్టి వుంది. 1871లో తెల్లదొరలు నేరస్థ జాతుల చట్టం తెచ్చి, పుట్టుకను బట్టే మనుషుల్ని దొంగలుగా రాసుకున్నారు. బాపట్ల దగ్గరి స్టూవర్టుపురం 1913లో ఎరుకల కుటుంబాలను తెచ్చి పెట్టిన సెటిల్‌మెంటే. చట్టం 1952లో పోయింది. అనుమానం పోలేదు.

2019 చివర దేశంలోని ఖైదీలు 4,78,600 మంది. వారిలో షెడ్యూల్డు కులాలవారు 99,273, తెగలవారు 53,336 అని ప్రభుత్వమే 2021లో రాజ్యసభకు చెప్పింది. అంటే నూటికి సుమారు 21, 11. 2011 జనాభా లెక్కల్లో వారి వంతు 16.6, 8.6 మాత్రమే. పైగా 2022 చివర ఖైదీల్లో నూటికి 75 మందికి పైగా నేరం రుజువు కాని విచారణ ఖైదీలే.

"చూశావా, వాళ్ళే నేరాలు చేసేది" అనే మిత్రులు మన హాస్టల్లోనూ వున్నారు. సైన్సు విద్యార్థులం కదా, నమూనా ఎలా తీశారని అడగవద్దా? ఒక్క చెరువులోనే వల వేసి, చేపలన్నీ అందులోనే వున్నాయంటే ఎలా?

జైలు రిజిస్టర్లలో కులం గడి తీసెయ్యమని 2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. మంచిదే. కాని మనిషి జైలు గుమ్మం చేరకముందే ఆ గడిని నింపేది నాలాంటివాళ్ళ నోళ్ళు.

అతను ఇప్పటికీ మా ఇంటికి తట్టలు తెస్తాడు. "బాగా చదువుతున్నావా, చిన్నయ్యా?" అంటాడు. తన పేరు చెప్పింది నేనేనని అతనికి తెలియదు. సంక్రాంతి సెలవులకు వెళ్ళినప్పుడు చెప్పాలి.